సండూరు కొండల్లో పైమన్ను

బళ్లారి బస్టాండులో సండూరు బస్సెక్కితే గంటన్నర ప్రయాణం. కుడితిని దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడతాయి. తోరణగల్లు వస్తే ఉక్కు ఫ్యాక్టరీ. అక్కడిదాకా నేలంతా చదును, నల్లరేగడి, పత్తి, జొన్న, మిరప. తోరణగల్లు దాటినాక కొండల సందులోంచి లోపలికి పోతే దేశమే మారిపోయినట్టు ఉంటుంది. చుట్టూ కొండలు, నడుమ ఊరు. ఈ లోయకు తూర్పున భీమగండి, పడమట ఉబ్బలగండి అని రెండు సందులు. లోయలో నారిహళ్ల అనే ఏరు పారుతుంది. తారానగరం దగ్గర దానికి డ్యాము కట్టినారు. ఇదంతా ఒకప్పుడు ఘోర్పడే రాజుల సంస్థానం. కొండమీద కుమారస్వామి గుడి, పార్వతమ్మ గుడి చానా పాతవి.

1934లో గాంధీగారు సండూరు వచ్చినారు. సెప్టెంబరులో సండూరు చూడాలని ఆయన అన్నట్టు ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను పోయింది సెప్టెంబరులో కాదు, సంక్రాంతికి ముందు. అప్పటికి గడ్డి ఎండి పసుపురంగుకు తిరిగింది. అయినా నాకు అదే మేలయింది. పచ్చగా ఉన్నప్పుడు అన్ని కొండలూ ఒకేలాగా కనబడతాయి. ఎండినప్పుడే ఏది నిజంగా అడివి, ఏది ఊరికే పచ్చరంగు అని తెలుస్తుంది.

మన పత్రికలో మిల్లుల సంగతులే ఎక్కువ వస్తాయి. గనుల సంగతి మనకెందుకని కొందరు అనుకోవచ్చు. మన ఇళ్లల్లో మిల్లు పని దొరకని పిల్లలు ఈ పక్క ఎక్కడికి పోతున్నారో చూడండి. టిప్పర్ల మీదికి, క్రషర్లకి, గనుల ఆఫీసుల్లో సెక్యూరిటీకి. మా చిన్నల్లుడు కూడా సండూరు తాలూకాలో ఒక ఇనుప గనిలో టిప్పర్ తోలతాడు. గనుల్లో ఏటా పర్యావరణ వారోత్సవం అని చేస్తారు. ఆ రోజుల్లో పనివాళ్ల ఇంటివాళ్లను లోపలికి తీసుకుపోయి చూపిస్తారు. అట్ల నేనూ, మా ఆమె, మనవడు పోయినాము.

గనిని దగ్గర్నుంచి చూడడం నాకు అదే మొదలు. కొండను మెట్లుమెట్లుగా కోసుకుంటా పోయినారు. ఒక్కో మెట్టు రెండు మూడంతస్తుల ఇల్లంత ఎత్తు. ఎర్రగా, నల్లగా, ఉక్కురంగులో చారలు. దాని అంచున తలెత్తి చూస్తే, కోయని కొండ పైభాగం కనబడింది. అక్కడ చెట్లు, గడ్డి, వేళ్లు. ఆ వేళ్లు పట్టుకున్న మన్ను ఎంతుందనుకుంటారు? చాలాచోట్ల జానెడు కూడా లేదు. దాని కింద అంతా రాయి, ఇనుము. ఇంత పెద్ద కొండ మీద ఇంత అడివిని ఆ జానెడు మన్ను మోస్తా ఉంది. అది తయారు కావడానికి అంగుళానికి వందల ఏళ్లు పడుతుందంటారు. పొక్లెయిన్‌కి అది ఒక పూట పని.

గనిలో పర్యావరణం చూసుకునే అమ్మాయి ఒకామె మాకు అన్నీ తిప్పి చూపించింది. బీయస్సీ చదివిన పిల్ల, హడగలి పక్కనుంచి వచ్చినాది. ఆమె మమ్మల్ని మొదట తీసుకుపోయింది గుంత దగ్గరికి కాదు, ఒక మన్నుకుప్ప దగ్గరికి. "మేల్మణ్ణు" అని కన్నడంలో బోర్డు పెట్టినారు. అంటే పైమన్ను. కొండ కోసేముందు పైన ఉన్న మన్నును వేరేగా గీకి ఇక్కడ దాచినారు. గని పని అయిపోయిన చోట, డంపుల మీద తిరిగి ఇదే పరుస్తారు. ఇది కొత్తగా వచ్చిన ముచ్చట కాదు. పైమన్నును వేరేగా తియ్యాలి, వేరేగా దాచాలి, తిరిగి వాడాలి అని 1988 నాటి ఖనిజ సంరక్షణ నియమాల్లోనే రాసి ఉంది. రాసి ఉండడం వేరు, చేయడం వేరు. అదీ అందరికీ తెలిసిందే.

ఆ కుప్ప నా ఎత్తుకన్నా కొంచెమే ఎక్కువ ఉంది. "ఇంత స్థలం పాడుచేసుకోకుండా ఎత్తుగా పోస్తే సరిపోదా అమ్మా?" అని అడిగినాను. ఆమె ఒక మాట చెప్పింది. "తాతా, ఇది మన్ను కాదు, ప్రాణం. దీంట్లో విత్తనాలు ఉంటాయి, పురుగులు ఉంటాయి, కంటికి కనబడని బూజులు ఉంటాయి. ఎత్తుగా పోస్తే అడుగున గాలి ఆడక అన్నీ చచ్చిపోతాయి. ఆనక పరిచినా అది ఉత్త దుమ్మే." అందుకే తక్కువ ఎత్తులో పోసి, పైన ఉలవ, జనుము లాంటివి చల్లుతారంట. వానకు కొట్టుకుపోకుండా, మన్ను సత్తువ పోకుండా. ఏళ్ల తరబడి దాచడం కన్నా, ఒకచోట గీకింది వెంటనే ఇంకోచోట పరిచేస్తే ఇంకా మంచిదని చెప్పింది.

మిల్లులో బ్లోరూములో పనిచేసినవాళ్లకు ఈ మాట చప్పున ఎక్కుతుంది. బేళ్లు విప్పి దూది పోసేటప్పుడు మంచి దూది ఒకపక్క, డ్రాపింగ్స్ ఒకపక్క. రెండూ కలిసినాయంటే తర్వాత కార్డింగులో, రింగ్ ఫ్రేములో ఎంత తంటాలు పడినా నూలు తెగుతానే ఉంటుంది. వేరుచేయాల్సింది మొదట్లోనే. ఇక్కడా అంతే. పైమన్ను పనికిరాని రాళ్లతో కలిసి డంపులో పడిందంటే ఇంక దాన్ని ఏ మిషనూ వేరుచేయలేదు. తర్వాత ఎన్ని లక్షల మొక్కలు నాటినా, అవి డ్రాపింగ్స్‌లో నూలు వడికినట్టే.

తర్వాత డంపు చూపించింది. ఖనిజం లేని రాయీ రప్పా పోసిన గుట్ట. దేవుడు చేసిన గుట్టకు రాయి రాయిని పట్టుకొని ఉంటుంది. మనిషి పోసిన గుట్టకు పట్టు ఉండదు. పెద్ద వాన పడితే జారుతుంది. అందుకని దాన్ని మెట్లుగా సర్దినారు. అడుగున రాళ్లతో గోడ కట్టినారు. చుట్టూ కాలువ తీసినారు. ఆ కాలువ నీళ్లు నేరుగా వాగులో పడకుండా మడుగుల్లోకి పోతాయి. ఎర్రమట్టి అక్కడ అడుగుకు దిగితే పైన తేరిన నీళ్లు మాత్రమే ముందుకు పోతాయి. కిందికి పోయేకొద్దీ వాగుకు అడ్డంగా చిన్నచిన్న రాతికట్టలు.

డంపు వాలు మీద వల పరిచినారు. మా ఆమె చేపల వల అనుకుంది. దగ్గరికి పోతే కొబ్బరిపీచు తాడుతో నేసిన చాప. పడుగూ పేకా రెండూ పీచుతాడే. కన్నులు పెద్దవి, రెండు వేళ్లు పడతాయి. నలభై ఏళ్లు నూలు మధ్య బతికినవాణ్ని, చెయ్యి ఊరుకోలేదు, లాగి చూసినాను. గట్టిగానే ఉంది. వాన చినుకు నేరుగా మన్ను మీద కొట్టకుండా ఈ చాప ఆపుతుంది. నీళ్ల వేగం తగ్గిస్తుంది. చల్లిన గడ్డివిత్తనం కన్నుల్లో నిలబడి మొలుస్తుంది. రెండు మూడేళ్లలో చాప తానే కుళ్లి మన్నులో కలిసిపోతుంది. ఆలోపల గడ్డివేళ్లు వాలును పట్టుకుంటాయి. తాను నిలిచేదానికి కాదు, ఇంకోటి నిలబడేదానికి నేసిన బట్ట అది. అట్లాంటి బట్ట నేను ఇంతకుముందు చూడలేదు.

ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నాయి అనుకోవద్దు. 2003 తర్వాత చైనాకు ఖనిజం ఎగుమతి పెరిగినప్పుడు ఈ పక్క ఏం జరిగిందో బళ్లారి వాళ్లకు చెప్పనక్కర్లేదు. పగలూ రాత్రీ లారీలు. రోడ్డుపక్క పత్తిచేలు తెల్లగా పూయాల్సింది ఎర్రగా పూసినాయి. కొండల్లో ఎవరి హద్దు ఎక్కడో తెలియదు. సమాజ పరివర్తన సముదాయ అనే సంస్థ సుప్రీంకోర్టుకు పోయింది. 2011 జూలైలో లోకాయుక్త సంతోష్ హెగ్డేగారు రిపోర్టు ఇచ్చినారు. అదే నెల 29న బళ్లారి జిల్లాలో గనులన్నీ ఆపమని కోర్టు చెప్పింది. తర్వాత నెలలో చిత్రదుర్గ, తుమకూరు జిల్లాలకూ అదే మాట. 2013 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. గనుల్ని ఏ, బీ, సీ అని మూడు రకాలు చేసినారు. హద్దు మీరి బాగా చెడగొట్టిన సీ రకం గుత్తలు సుమారు 50 రద్దయినాయి. మిగతావాళ్లు కొండను బాగుచేసే ప్లాను ప్రకారం పని చేస్తేనే ఖనిజం తియ్యాలన్నారు. ఆ ప్లానులు వేసింది డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన మండలి. ఏడాదికి ఇంతకన్నా ఎక్కువ తియ్యకూడదని లెక్క పెట్టినారు. బళ్లారికి మొదట 2.5 కోట్ల టన్నులు, 2022 తర్వాత 3.5 కోట్ల టన్నులు. నేను చూసిన గోడలూ కాలువలూ మడుగులూ ఆ తీర్పు పెట్టిన బిడ్డలే.

ఇక మా బావమరిది సంగతి. ఆయనకు ఒక కొండ కింద రెండెకరాలు ఉంది. ఆ కొండలో గని మూతపడి చానా ఏళ్లయింది. డంపు మాత్రం అట్లే ఉంది. అడుగున గోడ లేదు, చుట్టూ కాలువ లేదు. ఎవరిదని ఇక్కడ పేర్లు రాయను. గట్టి వాన పడినప్పుడల్లా ఎర్రబురద దిగి చేను మీద పరుచుకుంటుంది. ఎండితే సిమెంటు గచ్చు మాదిరి. జొన్న మొలక దాన్ని పగలదీసుకొని రాలేదు. "కొండమీది మంచిమన్ను ఏట్లో పోయింది బావా, పనికిరాని మన్ను నా చేలోకి వచ్చింది. రెండు పక్కలా నష్టమే" అన్నాడు. ఆ ఒక్క మాటలో అంతా ఉంది.

ఏట్లో పోయిన మన్ను ఎక్కడికి పోతుంది? చెరువులకు, డ్యాములకు. మన తుంగభద్ర డ్యాము కట్టినప్పుడు 133 టీఎంసీల నీళ్లు పట్టేది. ఇప్పుడు సుమారు 105 పడుతుంది. మిగతాదంతా పూడిక. అదంతా గనుల మన్నే అనడం తప్పు. మలెనాడు నుంచి, దారిపొడుగూ చేలనుంచి కూడా వస్తుంది. కానీ ఏ కొండమీద జారినా, ఏ చేలో కోసుకుపోయినా, పైమన్ను చివరికి చేరేది నీళ్ల అడుగుకే. ఆ నీళ్ల మీద బళ్లారి, రాయచూరు, కొప్పళ వాళ్లే కాదు, అనంతపురం, కర్నూలు వాళ్లూ బతుకుతున్నారు. మన చుట్టాలు సగం మంది అక్కడే కదా.

ఆ రాత్రి అల్లుడి ఇంట్లో ఇదే మాట మాట్లాడుకున్నాము. అతనికి కొంచెం కోపం వచ్చింది. "మామా, అందరూ మన్ను గురించి, ఎలుగుబంట్ల గురించే మాట్లాడతారు. 2011లో బంద్ అయినప్పుడు మా అన్న లారీని ఫైనాన్సు వాళ్లు ఎత్తుకుపోయినారు. ఆరునెలలు ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. అప్పుడు మా గురించి ఎవరు రాసినారు?" అన్నాడు. నేనేమీ అనలేదు. మిల్లు గేటుకు తాళం పడితే ఎట్లుంటుందో ఈ పత్రిక చదివేవాళ్లకు ఒకరు చెప్పాల్నా? అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే గనులు మూసేయాలని నేను రాయడం లేదు. వరుస తప్పకుండా చేయాలని రాస్తున్నాను. 2011లో పనివాళ్ల కడుపు కొట్టింది ఎలుగుబంటి కాదు. వరుస తప్పి కొండను కోసినవాళ్లు చేసిన పనికే కోర్టు తాళం వేయాల్సి వచ్చింది.

మరుసటి రోజు మనవడి కోసమని దరోజి పోయినాము. సండూరు నుంచి హోస్పేట, అక్కణ్నుంచి కమలాపురం, తర్వాత ఆటో. హంపి చూడ్డానికి పోయేవాళ్లకు అది పదిహేను కిలోమీటర్ల దూరమే. అక్కడ 1994లో ఎలుగుబంట్ల కోసం ప్రత్యేకంగా అభయారణ్యం పెట్టినారు. పెద్దపెద్ద బండరాళ్ల గుట్టలు, గుహలు, ముళ్లచెట్లు. మధ్యాహ్నం అటవీశాఖవాళ్లు బండల మీద బెల్లం పూసి వస్తారు. మనం దూరంగా ఉన్న కట్టడం మీద నిలబడి చూడాలి. మూడు గంటలు దాటినాక ఒక తల్లి ఎలుగు దిగింది. వీపు మీద రెండు పిల్లలు, తల్లి వెంట్రుకలు పట్టుకొని. మా మనవడు నోరు మూసుకోవడం నేను చూసింది అప్పుడే. వెనకాల నెమళ్లు కూడా వచ్చినాయి.

అక్కడి వాచరు పెద్దాయన తెలుగే మాట్లాడతాడు. ఎలుగుబంటి తిండి గురించి చెప్పినాడు. బెల్లం జనం చూడ్డానికే. దాని అసలు తిండి చెదలు, చీమలు, అడివిపండ్లు. ఎలుగుకు పైదవడలో నడిమి పళ్లు రెండు ఉండవు. పొడుగాటి గోళ్లతో పుట్టను తవ్వి, ఊది దుమ్ము ఎగరగొట్టి, ఆ సందులోంచి చెదల్ని లోపలికి పీలుస్తుంది. ఆ చప్పుడు వంద గజాల దాకా వినబడుతుందంట. చలికాలం రేగుపండ్లు, ఎండాకాలం తునికి, మర్రి, మేడి, తర్వాత నేరేడు, సీతాఫలం. తేనె సరేసరి.

అప్పుడు నాకు రెండు రోజులు చూసింది ఒకచోట కలిసింది. చెదలపుట్ట ఎక్కడ లేస్తుంది? చచ్చిన ఆకూ కట్టే కుళ్లే చోట. అంటే పైమన్ను బతికున్న చోట. సండూరు కొండల్లో కూడా ఎలుగుబంట్లు ఉన్నాయి, చిరుతలు ఉన్నాయి. డంపు మీద పైమన్ను లేకపోతే పుట్ట లేవదు. పుట్ట లేకపోతే ఎలుగుకు తిండి లేదు. తిండి లేకపోతే అది కిందికి దిగుతుంది, మొక్కజొన్న చేలోకి, శనక్కాయ చేలోకి. అక్కడ తెల్లారుజామున నీళ్లు కట్టడానికి పోయిన మనిషికి ఎదురుపడుతుంది. ఎలుగు కావాలని మనిషి మీదికి రాదు, బెదిరితే మాత్రం మొగం మీద కొడుతుంది. కొండమీద జానెడు మన్ను పోతే కింద ఒక ఇల్లాలు కన్ను పోవచ్చు. ఇది దూరపు లెక్క కాదు.

అందుకే పచ్చదనం చూసి మోసపోవద్దు. కొన్ని పాత డంపులు దూరానికి పచ్చగానే ఉన్నాయి. దగ్గరికి పోతే అంతా సర్కారు తుమ్మ, సుబాబుల్, ఆస్ట్రేలియా తుమ్మ. ఈ సర్కారు తుమ్మకు కన్నడంలో మన ఊరి పేరే పెట్టినారు, బళ్లారి జాలి అని. అది ఎక్కడైనా మొలుస్తుంది, ఇంకోదాన్ని మొలవనీదు. అట్లాంటి చెట్ల కింద ఎలుగుకు ఏముంటుంది? గని అమ్మాయి చూపించిన వాలు మీద మొదట గడ్డి, తర్వాత రేల, మోదుగ, నేరేడు, తునికి, సీతాఫలం, రేగు పెట్టినారు. మొక్కలు ఇంకా మోకాలెత్తే. కానీ పైమన్ను పరిచిన చోట, ఎవరూ నాటని మొక్కలు కూడా వాటంతట అవే లేచినాయి. మన్నులో దాగున్న విత్తనాలు అవి. ఎవరి కూలీ లేకుండా అడివి తనను తాను నాటుకుంటా ఉంది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకోమాట చెప్పింది. తవ్వకం అయిపోయిన నేలలో గనివాళ్లు తిరిగి గడ్డి పెంచాలి, పశువులకు మేత, చెట్టూ జీవాలూ పెరిగేటట్టు ఆ నేలను చేసి ఇవ్వాలి అని. దేశంలో అన్ని గుత్తలకూ ఈ షరతు పెట్టమని కేంద్రానికి చెప్పింది. గడ్డి అంటే చిన్నమాట అనుకుంటాము. గొర్రెలు కాసే కురుబవాళ్లను అడగండి, అది ఎంత పెద్దమాటో.

దీంట్లో పని కూడా ఉంది. ఆ వాలు మీద చాప పరిచింది, విత్తనం చల్లింది, రాతికట్టలు పేర్చింది అంతా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, మగవాళ్లే. నర్సరీలో ఇరవైమంది దాకా ఆడవాళ్లు కవర్లలో మన్ను నింపుతా ఉన్నారు. చెడిపోయిన గనుల ప్రాంతాన్ని బాగుచేయడానికని ఖనిజం అమ్మకాల్లోంచి తీసిపెట్టిన డబ్బు 20 వేల కోట్లకు పైనే ఉంది. దానికోసం ప్రభుత్వం ఒక కార్పొరేషను కూడా పెట్టింది. మా బావమరిది చేను పైన ఉన్న డంపులాంటి వాటికి గోడ కట్టడానికి, మన్ను పరచడానికి ఆ డబ్బు పోతే, ఊళ్లో ఎన్నో ఇళ్లకు ఏళ్ల తరబడి కూలి దొరుకుతుంది. అల్లుడికి కూడా ఇదే చెప్పినాను. ఖనిజం ఎంత ఉన్నా ఒకరోజు అయిపోతుంది. ఆరోజు టిప్పర్లు ఇంకో ఊరికి పోతాయి. ఊరు ఎక్కడికీ పోలేదు. అతను కాసేపు ఆగి, "మా గనిలో అయితే పైమన్ను వేరే కుప్పకే తోలతాము మామా, కలిపితే సూపర్‌వైజరు ట్రిప్పు రాయడు" అన్నాడు. ఆ సూపర్‌వైజరు ఎవరో కానీ, చల్లగా ఉండాల.

మన వాళ్లలో ఎవరైనా ఆ పక్క పోతే వానలు తగ్గినాక, సెప్టెంబరు నుంచి జనవరి లోపల పోండి. దరోజికి మధ్యాహ్నం రెండు గంటల లోపల చేరండి. కొండదారిలో పొద్దున్నే, మునిమాపున ఒంటిగా నడవొద్దు. నడిస్తే మాట్లాడుకుంటా నడవండి, ఎలుగు దూరం నుంచే తప్పుకుంటుంది. మీ పిల్లలు గనుల్లో పనిచేస్తూ, వారోత్సవానికి మిమ్మల్ని తీసుకుపోతే, టీ బిస్కెట్లు తిని ఊరికే రావొద్దు. మూడు మాటలు అడగండి. పైమన్ను ఎక్కడ దాచినారు? వాన నీళ్లు ఎటు పోతాయి? నాటిన చెట్లకు కాయలు కాస్తాయా? చదువు రాకపోయినా అడగొచ్చు. ఈ మూడింటికీ చూపించడానికి ఏమైనా ఉంటే ఆ గనిలో మన పిల్లల పని కూడా నిలుస్తుంది, దాని కింద ఊరూ నిలుస్తుంది.